దుప్పటి రెండో కొస

పెద్ద దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి, గట్టిగా లాగి, ఒకసారి దులిపి, మధ్యకి మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. ఒకరి చేతిలోని కొసలు రెండోవారు అందుకుంటే, మొదటివారు కింద వేలాడే మడత పట్టుకుని మళ్ళీ వెనక్కి నడవాలి. పక్కనున్న ఆసుపత్రి దుప్పట్లన్నీ ఆ ఇంటికే ఉతకడానికి వచ్చేవి కాబట్టి అక్కడి ఆడపిల్లలందరికీ ఈ విద్య కరతలామలకం. ఎవరో నమ్మించి తీసుకెళ్ళి అమ్మేస్తే, ఎక్కడో దొరికి, స్టేషన్లూ కోర్టులూ తిరిగి చివరికి ఆ ఇంటికి చేరిన పిల్లలు వాళ్ళు.

ఇంట్లో పనిచేసే ప్రతి ఒక్కరూ, ఇల్లు నడిపే పెద్దమ్మతో సహా, వారానికో మధ్యాహ్నం మడత గదిలో వంతుకు రావాలి. అక్కడ ఎవరినీ ఏమీ అడగకూడదు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు చెబితే వినాలి. విన్నది ఆ గది గడప దాటకూడదు. "కౌన్సిలర్‌కి చెప్పింది ఫైల్లోకి పోతుంది, జడ్జీగారికి చెప్పింది రికార్డులోకి పోతుంది. ఎక్కడికీ పోని మాట చెప్పుకోవడానికి కూడా ఒక చోటుండాలిగా," అనేది పెద్దమ్మ. ఉద్యోగంలో చేరిన రోజున ఆవిడ చెప్పే మొదటి విషయం అదే. జీతం మాట ఆ తర్వాత.

ఆ నియమాన్ని తప్పింది రాతలక్క.

ఆ పేరు పిల్లలు పెట్టింది. గ్యాస్ సిలిండర్ దగ్గర్నుంచి లాయరు ఖర్చుల దాకా ఆ ఇంటికి ఏది కావాలన్నా ఎవరో ఒకరికి అర్జీ పెట్టుకోవాలి. అర్జీలన్నీ ఆమే రాస్తుంది. పదిహేనేళ్ళుగా రాస్తూ రాస్తూ, ఇంట్లో పాలవాడికి చీటీ రాసినా చివర "మీ సహకారానికి కృతజ్ఞతలు" అని పెట్టేసే స్థితికి వచ్చింది. ఆ ఏడాది రాసిన అర్జీ మాత్రం మామూలుది కాదు. పద్దెనిమిదేళ్ళు నిండగానే పిల్లల్ని బయటికి పంపెయ్యాలని రూలు. ఎక్కడికి పంపాలో ఏ రూలూ చెప్పదు. వెనక వీధిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని అలాంటి పిల్లల్ని మరో మూడేళ్ళు ఉంచుకుందామని పెద్దమ్మ ఆలోచన. అందుకు ఒక పెద్ద ఫౌండేషన్‌ని గ్రాంటు అడిగారు. వాళ్ళ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: ఈ సేవ అవసరమేమిటో ఒక జీవితం ద్వారా వివరించండి.

రాతలక్క ఒక జీవితం ద్వారా వివరించింది. దరఖాస్తు చివరి వడపోతకి వచ్చింది. ఇల్లు చూడ్డానికి ఫౌండేషన్ మేడం స్వయంగా వచ్చింది.

మేడం మంచి మనిషి. రాతలక్కకి తర్వాత రోజుల్లో మింగుడుపడని సంగతి అదే. వంటగది చూసింది, స్నానాల గదుల గొళ్ళాలు లోపలివైపు సరిగ్గా పడుతున్నాయో లేదో తనే వేసి చూసింది. అలా చూడాలని తెలిసినవాళ్ళు తక్కువ. పిల్లల్ని ఎవరినీ ఫొటో తియ్యలేదు. చివర్లో డ్రైవరుతో రెండు పెద్ద అట్టపెట్టెలు తెప్పించి హాల్లో పెట్టించింది. నిండా బూట్లు. ఎర్రటివి, తాళ్ళు కట్టుకునేవి, అన్ని సైజులవీ.

"మీలో ఒక అమ్మాయికి ఒకప్పుడు ఇలాంటివే కొనిపెట్టి మోసం చేశారని చదివాను," అంది మేడం. "ఎవరో నాకు తెలీదు. తెలుసుకోను కూడా. ఎవరైనా సరే, బూట్లు కొనేవాళ్ళందరూ అలాంటివాళ్ళు కాదని మాత్రం నమ్మండి."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో గోడకి ఆనుకుని నిల్చున్న పిల్ల మాత్రం ఎవరి వంకా చూడకుండా తిన్నగా రాతలక్క వంక చూసింది. కోపంగా కాదు. బస్సు దిగాక ఇది తన స్టాపు కాదని తెలిసినవాళ్ళు చూసే చూపు అది.

ఆ పిల్లని అందరూ ఇస్త్రీ అంటారు. ఆమె మడిచిన దుప్పటికి ఇస్త్రీ పెట్టక్కర్లేదని. ఈ వానాకాలంలోనే ఆమెకి పద్దెనిమిది నిండుతాయి.

మిగతావాళ్ళతో పాటే ఇస్త్రీ వరసలో నిలబడింది, తన సైజు బూట్లు తీసుకుంది, "థాంక్స్ మేడం" అంది, అక్కడే కూర్చుని తొడుక్కుని తాళ్ళు చకచకా ముడేసింది. మేడం కళ్ళు చెమ్మగిల్లాయి. వెళ్తూ వెళ్తూ రాతలక్క చెయ్యి పట్టుకుని, "శుక్రవారం కమిటీ ముందు ఆ బూట్ల భాగం మీరే చదవండి. మీరు చదివితే ఇక ఆలోచించేదేమీ ఉండదు," అని చెప్పింది.

కారు మలుపు తిరిగాక పెద్దమ్మ గేటు గడియ వేసి, "ఏ బూట్లు?" అంది.

మామిడి పిందె దొంగిలించి పట్టుబడ్డ పిల్లలకైనా ఏదో ఒక అబద్ధం తోస్తుంది. రాతలక్కకి అదీ తోచలేదు. నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

పిన్ని తరఫు తెలిసినవాడినని చెప్పి ఒకడు ఇస్త్రీని పనిలో పెడతానని తీసుకెళ్ళాడు. బస్సెక్కేముందు చెప్పుల దుకాణానికి తీసుకెళ్ళి కొత్త బూట్లు కొన్నాడు. ఆమెకి తాళ్ళు కట్టుకోవడం రాకపోతే నలుగురిలో నేలమీద మోకాలేసి కూర్చుని తనే కట్టాడు. అంతవరకు ఆ పిల్ల పాదాన్ని ముద్దుగా చేతిలోకి తీసుకున్నవాళ్ళు లేరు. "ఆ రోజు నాకు చాలా సంతోషమేసిందక్కా," అంది ఇస్త్రీ, అప్పుడొక మధ్యాహ్నం మడత గదిలో దుప్పటి ఆ చివర నిలబడి. "తర్వాత జరిగినవన్నీ కోర్టులో చెప్పాను. అవి చెప్పడానికి సిగ్గుపళ్ళేదు. ఈ సంతోషం సంగతే ఎవరికీ చెప్పలేదు. ఇది తల్చుకుంటేనే నామీద నాకు అసహ్యమేస్తుంది." కొసలు కలిపారు. రాతలక్క ఏమీ అనలేదు. అనకూడదు కూడా. ఆ సాయంత్రం దరఖాస్తు ముందు కూర్చుంటే ఏం రాసినా చప్పగా తేలింది. ఇది రాసింది. పేరు మార్చింది, ఊరు మార్చింది, తెల్ల బూట్లని ఎర్రవి చేసింది. సంతోషం మాత్రం మార్చలేదు. ఆ వాక్యం దగ్గరే చదివేవాళ్ళ గుండె పట్టేస్తుందని ఆమెకి తెలుసు.

పెద్దమ్మ అంతా విని గేటుకేసి చూస్తూ నిలబడింది.

"ఆ పిల్ల కోసమేగా రాశాను. ఇది రాకపోతే వానల్లో తను ఎక్కడికెళ్తుంది?" అంది రాతలక్క. తన మాట తనకే వకీలు మాటలా వినిపించింది.

"కోసమే అనకు. నేను కూడా ఇన్నేళ్ళలో ఆ మాట అడ్డం పెట్టుకుని చాలా చేశాను. దాంతో అన్నీ సరిపోతాయి, అదే దాంతో గొడవ." పెద్దమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "తీసేద్దామంటే ఇల్లు పోతుందేమోనని భయం. ఉంచుదామంటే ఆ పిల్ల మొహం ఎలా చూడాలి? నన్నడక్కు. శుక్రవారం నీ నోటితో చదువుతావో మానుతావో నువ్వే తేల్చుకో. నేను పక్కన కూర్చుంటాను."

తిట్టుంటే బాగుండేది. రెండు తిట్లు తిని ఊపిరి పీల్చుకునేది.

మర్నాడు పొద్దున్న స్కూలు వ్యాను వచ్చే వేళకి రాతలక్క కూతురు వీధిగుమ్మంలో ఒక కాలు ముందుకు చాపి నిలబడింది. "అమ్మా, తాడూడింది." నాలుగో క్లాసుకొచ్చినా రాణీగారు తాళ్ళు కట్టుకోరు. రాతలక్క రోజులాగే విసుక్కుంటూ మోకాలేసింది. బూటు చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"వ్యానొచ్చేసింది, తొందరగా కట్టు."

వేళ్ళు కదల్లేదు. కరెంటు పనికి వెళ్ళడానికి సంచి సర్దుకుంటున్న భర్త వచ్చి, వంగి, రెండు ముళ్ళేసి పంపేశాడు. తర్వాత ఆమె పక్కనే మెట్టుమీద కూర్చున్నాడు. దరఖాస్తు పంపిన రోజున ఆ పేరా ఇతనికి చదివి వినిపించింది. విని ఇతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, "ఏం రాశావే బాబూ," అన్నాడు. అప్పుడు ఆమెకి ఎంత గర్వంగా ఉండిందో ఇప్పుడు గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి.

"నాకు తెలిసి నువ్వు ఆ పిల్లకి మేలే చేశావు," అన్నాడతను.

"మేలే. అడక్కుండా చేశాను."

"అడిగుండాల్సింది."

"అడిగితే వద్దంటుందని తెలుసండీ. అందుకే అడగలేదు."

ఇది అంతవరకు తనతో తను కూడా అనుకోలేదు. అతను సంచి భుజానికి తగిలించుకుని, ఆమె తలమీద ఒకసారి చెయ్యిపెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం వంతు తనది కాకపోయినా రాతలక్క మడత గదికి వెళ్ళింది. ఇస్త్రీ ఒక్కతే ఉంది. దుప్పటి మధ్య అంచుని గడ్డంకింద అదిమిపెట్టి, రెండు చేతులూ బారజాపి కొసలు పట్టుకుని, వంగి మడత అందుకుంటోంది. ఒంటరిగా మడవడం అలా కుదురుతుందని రాతలక్క అదే మొదటిసారి చూడటం. కుదురుతుంది కానీ ఒక అంచు నేలకి రాస్తుంది. రాసినప్పుడల్లా ఇస్త్రీ దాన్ని దులిపి మళ్ళీ మొదలుపెడుతోంది. మడిచిన దుప్పట్లు గోడవార కట్టలు కట్టి ఉన్నాయి. కట్టినవి ఎర్ర తాళ్ళు. బూట్లు కిటికీలో నోళ్ళు తెరుచుకుని పడున్నాయి.

"పురికొస అయిపోయిందక్కా," అంది ఇస్త్రీ, ఆమె చూపు ఎక్కడుందో గమనించి.

"రెండో చివర నేను పట్టుకుంటాను."

"పర్లేదు. అలవాటు చేసుకుంటున్నా."

రాతలక్క గుమ్మంలోనే నిలబడింది. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ అక్కరకి రాలేదు. "తప్పు చేశానమ్మా" అన్న రెండు మాటలు మాత్రం బయటికొచ్చాయి.

ఇస్త్రీ గడ్డంకింద దుప్పటి వదిలింది. "నావి తెల్లవి. ఎర్రవని రాశారా?"

"ఎవరూ గుర్తుపట్టకూడదని మార్చాను."

"ఎవరు? నేనా?"

బయట నీళ్ళ మోటారు ఆగింది. ఇస్త్రీ దుప్పటి ముడతని బొటనవేలితో సాపుచేస్తూ, "ఎంతవరకు రాశారు?" అంది.

"దుకాణం వరకు."

"సంతోషం సంగతి?"

"రాశాను."

"ఎంతమంది చదివారు?"

"ఆ మేడం చదివింది. శుక్రవారం కమిటీవాళ్ళు వింటారు." మిగిలిన ఆ ఒక్కటీ దాచడం దేనికనిపించి, "మా ఆయన కూడా," అని చేర్చింది.

ఇస్త్రీ తల ఊపింది. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అని రాతలక్క ఎదురుచూసింది. ఎదురుచూడటమేమిటి, కోరుకుంది. ఆ పిల్ల ఆ రెండూ చెయ్యలేదు. ఆరోజు కట్టాల్సిన కట్టలు ఇంకా ఎన్నున్నాయో చూసుకుంది.

"డబ్బులు రాకపోతే నేను వెళ్ళిపోవాలిగా?"

"అవును."

"అయితే శుక్రవారం నేనే చెబుతాలెండి." దుప్పటి పక్కన పెట్టి, చేతులు ముందుకు కట్టుకుని, తల కొద్దిగా వంచి నిలబడింది. ఎప్పుడో ఎవరో నేర్పినట్టున్న నిలువు అది. "ఏం చెప్పాలో ముందే చెప్పి ఉంచండి. ఎక్కడ ఆగాలో కూడా చెప్పండి. నన్నమ్మిన చోట కూడా అంతే. వచ్చినవాళ్ళు వయసెంతంటే ఏమనాలో, ఏడుపొస్తే ఎటు తిరగాలో ముందే చెప్పిపెట్టేవాళ్ళు. నేను తొందరగానే నేర్చుకుంటాను."

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అంది. పని అడిగినట్టు అడిగింది. రాతలక్కని ఎవరి పక్కన నిలబెట్టిందో ఆ పిల్లకి తెలుసో తెలీదో కానీ, తను ఎవరి పక్కన నిలబడిందో రాతలక్కకి తెలిసిపోయింది.

"నువ్వు రాకూడదు. ఎవరూ ఏమీ చెప్పరు," అంది.

"మీ ఇష్టం," అంది ఇస్త్రీ, మళ్ళీ దుప్పటి గడ్డంకింద పెట్టుకుంటూ.

శుక్రవారం ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసుకుని రాతలక్కా పెద్దమ్మా కూర్చున్నారు. తెరమీద చిన్న చిన్న గళ్ళలో కమిటీ మొహాలు. ఒకాయన వెనక పుస్తకాల బీరువా, ఒకావిడ వెనక నిద్రపోతున్న పిల్లి. అద్దె, జీతాలు, చదువులు, అన్నిటికీ రాతలక్క సమాధానాలు చెప్పింది. అవి ఆమెకి కంఠోపాఠం. ఫౌండేషన్ మేడం తన గడిలోంచి చిరునవ్వు నవ్వి, "ఇక ఆ భాగం చదవండి," అంది.

ముందున్న కాగితం తిరగేసి బల్లమీద బోర్లా పెట్టింది రాతలక్క.

"అది చదవనండి. అది నాకు చెప్పిన మాట కాదు. నా ముందు చెప్పుకున్న మాట. బయటికి పోదన్న నమ్మకంమీద చెప్పింది. అడక్కుండా రాసేశాను. అడిగితే వద్దంటుందని తెలిసే అడగలేదు. తను ఇప్పుడు నాతో ఏదీ చెప్పుకోవడం మానేసింది. దయచేసి ఆ పేరా కొట్టేసి, మిగతాది చూసి నిర్ణయించండి. ఇవ్వదగింది కాదనిపిస్తే మానెయ్యండి. కానీ ఇల్లు నిజంగా అవసరం. అది మాత్రం అబద్ధం కాదు."

నెట్టు పోయిందేమోనని పెద్దమ్మ వైరు కదిపి చూసింది. పోలేదు. పుస్తకాల బీరువా ఆయన, అధ్యక్షుడు కాబోలు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ళుగా ఇలాంటి అర్జీలు చూస్తున్నామమ్మా," అన్నాడు. "మా ముందు కూర్చుని ఇలా చెప్పినవాళ్ళు లేరు. మీలాంటివాళ్ళ చేతుల్లో పెట్టకపోతే ఇంకెవరి చేతుల్లో పెడతాం?"

పిల్లి ఆవిడ చప్పట్లు కొట్టింది. పిల్లి ఉలిక్కిపడి లేచిపోయింది. మరొకరు కలిశారు, ఇంకొకరు కలిశారు. మేడం కళ్ళు తుడుచుకుంటూ కొట్టింది. మూడేళ్ళకీ మంజూరు చేస్తున్నామన్నారు. "ఒక చిన్న కోరిక," అన్నాడు అధ్యక్షుడు. "మీరిప్పుడు చెప్పిందంతా ఇలాగే రాసి పంపండి. మా వార్షిక సంచికలో వేద్దాం. నలుగురూ నేర్చుకోవాలి."

"తప్పకుండానండి," అంది రాతలక్క.

అనేశాక వినపడింది ఏమన్నదో. తెర నల్లబడింది. పెద్దమ్మ ఆ తెర వంక కాదు, తన మొహం వంక చూస్తోందని, ఇందాకట్నుంచీ అటే చూస్తోందని అప్పుడు గమనించింది. చేత్తో నోరు తడుముకుంది. పెదవులు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి.

పెద్దమ్మ లేచి కుర్చీ సర్దింది. "పిల్లకి చోటు దొరికింది. అది చాలు," అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఫోన్ అక్కడే ఉంది," అని చెప్పి వెళ్ళిపోయింది.

రాతలక్క ఫోన్ ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత మేడంకి ఫోన్ చేసి రాయడం కుదరదంది. మేడం నొచ్చుకుంది. "అందులో ఆ అమ్మాయి పేరుండదుగా," అంది. "ఉండదండి. అప్పుడూ లేదు," అంది రాతలక్క.

మడత గదిలో ఇస్త్రీ ఒక్కతే ఉంది. కట్టలకి మామూలు పురికొస వచ్చింది. ఎర్ర తాళ్ళు కిటికీలో బూట్ల పక్కన చుట్టచుట్టి ఉన్నాయి. రాతలక్క గుమ్మంలో నిలబడి, ఇల్లు వస్తోందనీ, వానల్లో తను ఎక్కడికీ వెళ్ళక్కర్లేదనీ చెప్పింది.

ఇస్త్రీ దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళు ఒకసారి మూసి తెరిచింది. "నా సంగతి చెప్పారా?"

"చెప్పలేదు. దొంగిలించి రాశానని చెప్పాను. దానికే ఇచ్చారు."

"దానికా?" నవ్వాలో మానాలో తెలియనట్టు మొహం పెట్టింది ఆ పిల్ల. తర్వాత గడ్డంకింది దుప్పటి తీసి, బుట్టలోంచి ఇంకో దుప్పటి అందుకుని, దాని రెండు కొసలు పట్టుకుని మిగతాది రాతలక్క వైపు విసిరింది.

రాతలక్క వంగి కొసలు వెతుక్కుని పట్టుకుంది. లాగారు. దులిపారు. మధ్యకి మడిచారు.

"ఈసారి మీరు చెప్పండి," అంది ఇస్త్రీ.

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి. ఎవరికీ చెప్పుకోలేనిది. నేనడగకూడదు, రూలు ఒప్పుకోదు. అయినా అడుగుతున్నాను. మీరు అడగనైనా అడగలేదుగా."

గుడ్డ వాళ్ళిద్దరి మధ్యా బిగుతుగా సాగి ఉంది. రాతలక్క తన జీవితంలో చెప్పుకోలేనివి గబగబా వెతికింది. పాతవి కొన్ని ఉన్నాయి, అందంగా చెప్పడానికి వీలైనవి. అవేవీ నోటిదాకా రానివ్వలేదు. ఒక అడుగు ముందుకేసింది.

"ఇందాక వాళ్ళు నన్ను మెచ్చుకున్నారు," అంది. "నీ సంగతి అలా చేసినందుకు తలదించుకుని చెప్పానా, చెబుతుంటే చప్పట్లు కొట్టారు. అప్పుడు నాకు..." ఆగింది. ఎదురుగా ఉన్న పిల్ల తొందరపెట్టలేదు. "అప్పుడు నాకు చాలా సంతోషమేసింది."

ఇస్త్రీ నడిచొచ్చింది. కొసలు కలిశాయి. రాతలక్క వేళ్ళలోంచి వాటిని మెల్లగా తను తీసుకుంది.

"నేనెవరికీ చెప్పన్లెండి," అంది.